పారిస్‌లో ఒక పాత తెర

పారిస్ వెళ్ళివచ్చానని తెలియగానే మా వీధిలో వాళ్ళందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "ఐఫిల్ టవర్ ఎక్కారా?" ఎక్కాను. మొదటి అంతస్తు దాకా మెట్లమీద, ఆ పైన మోకాళ్ళు మొరాయిస్తే లిఫ్టులోనూ. రెండో ప్రశ్న కూడా అందరిదీ ఒకటే: "అమ్మాయి బ్యాంకు ఉద్యోగం ఎలా ఉంది?" దీనికి జవాబు చెప్పడానికే రెండేళ్ళుగా నాకు నోరు పెగలడం లేదు.

సంగతేమిటంటే, మా అమ్మాయి బ్యాంకు ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు పారిస్‌లో ఫాషన్ పత్రికలకు ఫోటోలు తీసే ఒకాయన దగ్గర సహాయకురాలు. ఆ మాట బంధువుల్లో ఎవరికీ చెప్పలేదు. "అక్కడే ఉంది, బాగానే ఉంది" అంటూ దాటేస్తూ వచ్చాను. మా అన్నయ్యకి కూడా చెప్పలేదు. దాని కాలేజీ ఫీజులు కట్టినవాడు ఆయనే. అందుకే ఆయనకి మరీ చెప్పలేకపోయాను.

విమానం దిగిన రాత్రే నా మనసులో ఉన్నది కక్కేశాను. "బట్టల ఫోటోలేమిటే? చీరల కొట్టు కాలెండరు మీద బొమ్మకీ, నువ్వు చేసే పనికీ తేడా ఏమిటి?"

అది కోపం తెచ్చుకోలేదు. "చెప్పను. పదిరోజులుంటావుగా, చూపిస్తాను" అంది.

ఆ చూపించినదే ఇక్కడ రాస్తున్నాను.

*

సేన్ నది ఒడ్డున రాతిగోడ మీద ఆకుపచ్చ రంగు పెట్టెలు వరసగా బిగించి ఉంటాయి. పొద్దున్నే మూతలు తెరిస్తే అవే పాత పుస్తకాల దుకాణాలు. మన ఊళ్ళలో పేవ్‌మెంటు మీద పరిచినట్లే అనుకోండి, కాకపోతే నేలమీద కాక గోడమీద. అందులో నవలలు, పటాలు, పోస్టుకార్డులు, వాటి మధ్య ఏనాటివో పాత పత్రికలు. అమ్మాయి ఒక పాత ఫాషన్ పత్రిక తీసి నా చేతిలో పెట్టింది. "బట్టల్ని చూడకు. వెలుతురు ఎటునుంచి వచ్చిందో చూడు. తరవాత ఖాళీ జాగా ఎంత వదిలారో చూడు. ఆ తరవాత మనిషి ఏం చేస్తోందో చూడు. బట్టలు ఆఖర్న" అంది.

నాకు నవ్వొచ్చింది. పెళ్ళికూతుర్ని వదిలేసి పందిరి చూడమన్నట్లుంది కదా! అయినా చూశాను. నిజమే సుమండీ, పేజీలో మూడువంతులు ఖాళీ. ఆ ఖాళీ వల్లనే మూలనున్న మనిషి మీద కన్ను నిలిచింది.

ఈ విద్యకి వయస్సు నూరేళ్ళు దాటిందట. అంతకుముందు కొత్త ఉడుపుల్ని ఎక్కువగా బొమ్మలు గీసి అచ్చువేసేవారు. 1911లో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఆయన పాల్ పొయిరే అనే దర్జీ ప్రముఖుడు కుట్టించిన గౌనులను ఫోటోలు తీశాడు. అవి ఆ ఏడాది ఏప్రిల్‌లో 'ఆర్ ఎ దెకోరాసియోఁ' అనే ఫ్రెంచి పత్రికలో వచ్చాయి. గుడ్డ ఎంత మెత్తన, ఎంత బరువు, ఎలా జారుతుంది అన్నది చూడగానే తెలిసేలా తీయాలని ఆయన పట్టుదల. అదే స్టైకెన్ 1947 నుంచి న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో ఛాయాచిత్ర విభాగానికి అధిపతి అయ్యాడు. బట్టల ఫోటోలు తీసినవాడికి అంత పెద్దపీట వేశారంటే, నా కాలెండరు మాట కొంచెం వెనక్కి తీసుకోవలసే వచ్చింది.

ఆ తరవాత 1933లో మార్టిన్ ముంకాచి అని హంగరీ దేశస్థుడొకడు వచ్చాడు. ఆటల పోటీలు ఫోటోలు తీసే అలవాటువాడు. అంతదాకా మోడళ్ళంటే స్టూడియోలో కొయ్యబొమ్మల్లా నిలబడేవారు. ఈయన ఒకమ్మాయిని న్యూయార్కు దగ్గర సముద్రపుటొడ్డుకి తీసుకుపోయి, చలిలో, స్నానపు దుస్తుల మీద భుజాన వస్త్రం ఎగురుతుండగా పరుగెత్తమన్నాడు. ఆ పరుగు 'హార్పర్స్ బజార్' పత్రికలో వచ్చాక, పాత నిలబాటు ఫోటోలు ఒక్కసారిగా ముసలివైపోయాయి.

*

మర్నాడు ఐఫిల్ టవర్. పైనుంచి ఊరు చూసి ముచ్చటపడుతూంటే అమ్మాయి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఇదే టవరు. ఇనుప దూలాన్ని ఒక చేత్తో పట్టుకుని, అంచున నిలబడి, గౌను గాలిలో రెక్కలా విప్పిన ఒక స్త్రీ. కింద ఊరంతా పొగమంచులా. నాకు గుండె ఝల్లుమంది. పట్టుకోవడానికి తాడు లేదు, కింద వల లేదు!

అది 1939లో ఎర్విన్ బ్లూమెన్‌ఫెల్డ్ తీసిన ఫోటో. టవరు కట్టి యాభై ఏళ్ళయిన సందర్భంలో ఆ ఏడాది మే నెలలో ఫ్రెంచి 'వోగ్' పత్రికలో వేశారు. ఆమె పేరు లీసా ఫోన్సాగ్రీవ్స్. స్వీడన్ దేశస్థురాలు. బాలే నృత్యం నేర్చుకున్న మనిషి కాబట్టి కాలు వణకలేదు కాబోలు.

"అమ్మా, తారీఖు చూడు" అంది అమ్మాయి. 1939 మే. సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. యూదుడైన బ్లూమెన్‌ఫెల్డ్‌ను ఫ్రాన్సులోనే నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. 1941లో ఎలాగో తప్పించుకుని న్యూయార్కు చేరాడు. 1940లో జర్మన్లు పారిస్‌ను పట్టుకున్నాక ఫ్రెంచి వోగ్ కూడా మూతబడింది. మళ్ళీ తెరిచింది జర్మన్లు వెళ్ళాకనే.

ఇదంతా తెలిశాక మళ్ళీ ఆ ఫోటో చూస్తే, గౌను మాట మరచిపోయాను. ఒక ఊరు ఊరంతా అంచుమీద నిలబడి ఉన్నట్లుంది. తీసినవాడికి అది తెలుసునని చెప్పలేం. కాని బొమ్మ మాత్రం ఆ ఏడాదిని మోస్తోంది.

*

కాన్‌కార్డ్ చౌకు చాలా విశాలమైన చోటు. అక్కడ నిలబెట్టి అమ్మాయి మరో కథ చెప్పింది. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ దియోర్ తన మొదటి ఉడుపులు చూపించాడు. సన్నటి నడుము, ఘుమ్మటంలా విచ్చుకునే పొడుగాటి పావడా. ఒక్కొక్కదానికి గజాలకొద్దీ గుడ్డ. అప్పటికి యుద్ధం ముగిసి రెండేళ్ళే. పారిస్‌లో రొట్టె ఇంకా రేషను మీదనే. మోమార్త్రు గుట్టమీది లెపిక్ వీధి బజారులో ఈ కొత్త గౌను తొడుక్కుని ఫోటోకి వచ్చిన అమ్మాయి మీద ఆడవాళ్ళు కలియబడి, గౌను పీలికలు చేశారట.

నాకు ఆ ఆడవాళ్ళ మీద కోపం రాలేదు. పిల్లలకి పాలు దొరకని రోజుల్లో నేనయినా అంతే చేసి ఉందును.

అదే సంవత్సరం ఆగస్టులో, అదే మోస్తరు పావడా తొడుక్కున్న రెనే అనే అమ్మాయిని రిచర్డ్ ఆవెడన్ ఈ కాన్‌కార్డ్ చౌకులో గిర్రున తిరగమన్నాడు. ఆయనకప్పుడు ఇరవైనాలుగేళ్ళు, న్యూయార్కు నుంచి వచ్చాడు. పావడా గొడుగులా విప్పుకుంది. పక్కన మగవాళ్ళు తలతిప్పి చూస్తున్నారు. ఆ బొమ్మలో ఆకలి లేదు, రేషను లేదు. "అయితే ఇది అబద్ధమే కదుటే?" అన్నాను.

"అబద్ధమో, ఆశో నువ్వే చెప్పు" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంట్లో ఏమీ లేకపోయినా పండుగనాడు గుమ్మానికి మామిడాకులు కట్టి, ముగ్గు పెట్టే మన ఇళ్ళు గుర్తుకొచ్చాయి. ముగ్గు అబద్ధమంటామా?

*

'సిర్క్ దివేర్' అంటే శీతకాలపు సర్కసు. ఇరవై భుజాలతో గుండ్రంగా కనిపించే ఈ కట్టడం 1852 నాటిది; ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ ఫోటోల చరిత్రలో ఎక్కువమంది గుర్తుపట్టేది ఇక్కడే తీశారు, 1955 ఆగస్టులో. తీసినవాడు మళ్ళీ ఆవెడన్. నిలబడ్డ ఆమె దోవిమా. అసలు పేరులోని డొరతి, వర్జీనియా, మార్గరెట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. చిన్నతనంలో కీళ్ళజ్వరంతో ఏళ్ళ తరబడి మంచం పట్టిన పిల్ల.

బొమ్మ చూడండి. కదులుతున్న ఏనుగులు. వాటి మధ్య నల్లటి మఖమలు గౌనులో, తెల్లటి పొడుగాటి పట్టు నడికట్టుతో, చేతులు చాచిన దోవిమా. ఏనుగుల చర్మం ముడతలు ముడతలుగా. ఆమె చర్మం పాలరాయిలా. వాటి బరువు, ఈమె తేలిక. ఏనుగంటే మనకి ఐశ్వర్యం, గుడి, ఊరేగింపు. నేను మొదట సంతోషంగానే చూశాను. తరవాత అమ్మాయి వేలు పెట్టి చూపించింది: ఏనుగు కాలికి గొలుసు.

"ఆ గొలుసు కనబడకుండా తీయడం ఆయనకి కష్టం కాదు. ఉంచాడు" అంది. ఆ తరవాత నాకు ఆ గొలుసే కనిపించింది. అంత బిగుతు నడుముతో, అంత బరువు గౌనుతో నిలబడ్డ ఆమెకి మాత్రం గొలుసు లేదనగలమా?

ఆ గౌను గీసినది దియోర్ దగ్గర అప్పుడే చేరిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, ఈవ్ సాఁ లొరాఁ. అతడు తరవాత జగత్ప్రసిద్ధుడయ్యాడు. ఆవెడన్‌కి మాత్రం ఈ ఫోటోలో ఒక అసంతృప్తి మిగిలిపోయిందట. నడికట్టు కొస ఎడమవైపుకి ఎగిరి ఉంటే గీత పూర్తయ్యేదని ఆయన బాధ. లోకమంతా మెచ్చుకున్న దాంట్లో తనకి మాత్రమే కనిపించే లోటు! మా నాయనమ్మ ముగ్గువేసి, ఊరంతా బాగుందన్నా, ఒక చుక్క పక్కకి పోయిందని సాయంత్రం దాకా సణుక్కునేది. కళ అంటే ఈ సణుగుడేనేమో అనిపించింది.

2010లో ఈ ఫోటో పెద్ద ప్రతి ఒకటి పారిస్‌లో వేలానికి వస్తే 8,41,000 యూరోలు పలికింది. కొన్నది దియోర్ సంస్థే. గౌను అమ్ముకోవడానికి తీయించిన ఫోటో చివరికి ఎన్నో గౌనుల ఖరీదు చేసింది. దోవిమా చివరి రోజుల్లో ఫ్లారిడాలో ఒక పిట్జా హోటలులో వచ్చేవారికి బల్లలు చూపించే పని చేసి, 1990లో కన్నుమూసింది. ఈ రెండు సంగతులూ ఒకేచోట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఇంకో అన్యాయమూ ఉంది. 1892లో పుట్టిన అమెరికన్ వోగ్ ముఖచిత్రంగా ఒక నల్లజాతి స్త్రీ కనిపించడానికి 1974 ఆగస్టు దాకా పట్టింది. ఆమె బెవర్లీ జాన్సన్. ఎనభై రెండేళ్ళు! అంతకాలం ఆ పత్రికల అందం ఒక్క రంగుదే. మన పెళ్ళి ప్రకటనల్లో 'తెల్లని పిల్ల' అని అడిగే మనం మరీ వేలెత్తి చూపనక్కర్లేదు గాని, మరచిపోనూ కూడదు.

*

వెనక్కి బయలుదేరడానికి రెండు రోజుల ముందు వోజిరార్ వీధికి తీసుకెళ్ళింది. పొడుగాటి వీధి. చూడవలసిన వింతలేమీ లేవు. 1950లో ఇక్కడ ఒక పాత ఫోటోగ్రఫీ పాఠశాల పై అంతస్తులో ఇర్వింగ్ పెన్ అనే అమెరికన్ స్టూడియో పెట్టాడు. ఆయనకి దీపాలు అక్కర్లేదు. కిటికీ వెలుతురు చాలు. వెనక ఒక పాత తెర, ఏదో నాటకశాలలో వాడి వదిలేసినది. మాసిపోయిన బూడిదరంగు. అంతే ఆయన సరంజామా. పారిస్ గొప్ప దర్జీల ఉడుపులన్నీ ఆ తెర ముందే తీశాడు. టవరు అంచున నిలబడ్డ ఆ లీసాయే ఇక్కడా నిలబడింది. ఆ ఏడాదే వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆమెకి ముప్పైతొమ్మిదేళ్ళు. ముప్పై దాటితే ముసలితనమనే వారు గమనించాలి.

అయితే నాకు నచ్చిన సంగతి వేరే. అదే స్టూడియోలో, అదే కిటికీ వెలుతురులో పెన్ కష్టజీవులనూ నిలబెట్టాడు. మిఠాయి రొట్టెలు చేసేవాళ్ళు, కసాయివాళ్ళు, దోసకాయలమ్మేవాడు, బుడగలమ్మే అమ్మి. వాళ్ళ పని బట్టల్లోనే, వాళ్ళ పనిముట్లతోనే రమ్మన్నాడు. రాణివాసపు గౌను తొడిగిన లీసాకి ఎంత మర్యాదో, చేత పనిముట్టు పట్టుకున్న మనిషికీ అంతే మర్యాద. తరవాత లండనులోనూ న్యూయార్కులోనూ అలాగే తీశాడు. 'చిన్న వృత్తులు' అని ఆ వరసకి పేరు. ఆ పాత తెరను మాత్రం వదలలేదు. బతికినంతకాలం దాన్ని వెంట ఉంచుకున్నాడు. 2017లో, ఆయన నూరేళ్ళ సందర్భంలో, న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ఫోటోలతోపాటు ఆ తెరనూ ప్రదర్శనకు పెట్టారు.

తెర అనగానే నేను ఫుట్‌పాతు మీదే ఆగిపోయాను.

నా పెళ్ళికి ముందు, పెళ్ళివారికి పంపడానికి ఒక ఫోటో తీయించారు. తెనాలి స్టేషను రోడ్డు దగ్గర స్టూడియో. వెనక తెరమీద పాలరాతి స్తంభాలు, కొలను, హంస. నేను కట్టుకున్నది ఎదురింటి పిన్నిగారి పట్టుచీర. ఆవిడ జాకెట్టు నాకు రెండింతలు వదులు. స్టూడియో ఆయన భార్య వచ్చి, వెనకనుంచి పిన్నీసులు పెట్టి బిగించింది. "కదలకమ్మా, ముందునుంచి మహారాణిలా ఉన్నావు" అంది. చీర మర్నాడు తిరిగి ఇచ్చేశాం. ఫోటో మాత్రం మా వారి పెట్టెలో చివరిదాకా ఉంది. ఎన్నడూ నేను దాన్ని తృప్తిగా చూడలేదు. అరువు చీర కదా, అబద్ధం కదా అని.

*

ఆఖరి రోజు అమ్మాయి తన పనిచోటుకి తీసుకెళ్ళింది. ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టి, మాట్లాడవద్దని చెప్పింది. పెద్ద హాలు, తెల్లటి గోడ. గౌను తొడుక్కున్న మోడలు పిల్ల ముందునుంచి దేవకన్య. ఆమె వెనక్కి తిరిగేసరికి నేను నోరు తెరిచాను. వీపంతా క్లిప్పులు! గౌను ఆ పిల్ల కొలతకి కుట్టింది కాదు, సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలట.

ఆ క్లిప్పులు పెడుతున్నది, మోకాళ్ళ మీద కూర్చుని అంచు సర్దుతున్నది, ఇస్త్రీ పెట్టె పట్టుకు తిరుగుతున్నది మా అమ్మాయే. బ్యాంకులో కుర్చీలో కూర్చున్న పిల్ల నేలమీద పాకుతోంది. నాకు ఏడుపొచ్చిన మాట నిజం. మధ్యలో అది లేచి, ఫోటో తీసేవాడి చెవిలో ఏదో చెప్పింది. ఆయన ఆలోచించి, దీపం జానెడు పక్కకి జరిపించాడు. అంతే. ఆ పిల్ల మెడ మీద, భుజం మీద వెలుతురు వెన్నలా పరుచుకుంది. పదిరోజుల కిందటయితే నాకు ఆ తేడా తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది.

ఇంటికి వస్తూ అన్నాను: "గౌను ఎవరిదైనా కానీ, ఆ నిలబడ్డ తీరు ఆ పిల్లది. ఆ వెలుతురు నీది."

అది నా చెయ్యి పట్టుకుంది. ఏమీ అనలేదు.

అరువు చీర కట్టుకున్నా ఆ రోజు తెనాలిలో బెదురుతూ కెమేరా వంక చూసిన కళ్ళు నావే కదా. పిన్నీసులు పెట్టిన ఆవిడ పేరైనా నాకు తెలియదు. చీరలు చిరుగుతాయి, గౌనుల మోజు ఏడాదికి మారుతుంది. కాగితం మీద నిలిచేది మనిషి, వెలుతురు. ఆ రెంటినీ కలిపిన ఓపిక.

*

ఇంటికి వచ్చిన మూడోనాడు అన్నయ్యకి ఫోను చేశాను. బ్యాంకు సంగతి, రెండేళ్ళు దాచిన సంగతి, అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"నాతో చెప్పకుండా రెండేళ్ళు దాచావా?" అన్నాడు చివరికి. నేను క్షమించమన్నాను. తెర సంగతి, పిన్నీసుల సంగతి కూడా చెప్పాను.

"ఎదురింటి పిన్నిగారి చీర కదూ? సైకిలు మీద మోసుకొచ్చింది నేనే. మర్నాడు తిరిగి ఇచ్చినదీ నేనే. నలిగిందని నాలుగు చీవాట్లు కూడా నేనే తిన్నాను" అన్నాడు. కాస్త ఆగి, "జీతం నెలనెలా సరిగా ఇస్తున్నారా దానికి?" అని అడిగాడు.

ఇస్తున్నారన్నాను.

"అయితే ఆ ఏనుగుల ఫోటో నాకొకటి పంపమను. గొలుసు ఎక్కడుందో నేనూ చూస్తాను."